లైనక్స్ బోర్డు తెర మీద మీ యాప్: లైనక్స్‌ఎఫ్‌బీయా, కేఎంఎస్సా, వేలాండా?

పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం చూపే యంత్రం, ఫ్యాక్టరీలో మోటారు ప్యానెల్, ఆస్పత్రి వార్డులో టోకెన్ బోర్డు. వీటిలో ఎక్కువ వాటికి కావలసింది ఒక్కటే: చిన్న లైనక్స్ బోర్డు, దానికో తెర, కరెంటు రాగానే నిండుగా తెరుచుకునే ఒక యాప్. అలాంటి పరికరానికి స్క్రీన్ డ్రైవరు, దాని పైన యాప్ బ్యాకెండ్ ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ తప్పుతుందో ఇక్కడ చెబుతున్నాం. ఉదాహరణలు ఎక్కువగా క్యూటీవి, యాప్ తెరలు తయారుచేసే లైబ్రరీ అది. ఎల్‌వీజీఎల్, ఎస్‌డీఎల్, జీటీకే వంటి వేరే లైబ్రరీలు వాడేవారికీ లెక్క దాదాపు అదే.

వేరియబుళ్లు, ఆప్షన్ల పేర్లు ఉచ్చారణలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, కనెక్టర్ల పేర్లు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, మిగతావి చిన్న అక్షరాల్లో ఉండాలి.

ముందే మా మాట: జీపీయూ (బొమ్మలు గీసే చిప్ భాగం) ఉన్న బోర్డు మీద ఒకే యాప్ నడుస్తుంటే నేరుగా కేఎంఎస్ (లైనక్స్ మూలభాగమైన కర్నెల్ ద్వారా తెరను నడిపే పద్ధతి) మీద నడపండి. జీపీయూ లేకపోయినా, తెర ఎస్‌పీఐ (కొద్ది తీగల మీద బిట్లు ఒక్కొక్కటిగా పంపే పద్ధతి) తీగల మీద వచ్చినా లైనక్స్‌ఎఫ్‌బీ (ఫ్రేమ్‌బఫర్ అనే తెర మెమరీలోకి సీపీయూయే బొమ్మ రాసే పద్ధతి) చాలు. తెరను రెండు ప్రోగ్రాములు పంచుకోవలసి వస్తేనే వేలాండ్ (పలు ప్రోగ్రాముల విండోలను కలిపి తెరకు పంపే ఏర్పాటు). వేలాండ్ కంటే ముందుదైన ఎక్స్‌11, పాత యాప్‌ను మార్చే వీలు లేనప్పుడు మాత్రమే. చాలామంది డెస్క్‌టాప్ ఇమేజ్‌తో మొదలుపెడతారు కాబట్టి ఈ వరసకు సరిగ్గా తలకిందులుగా వెళ్తారు. యాప్ వెనక మొత్తం డెస్క్‌టాప్ నడుస్తూ ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు వాడేవాడి ముందు అప్‌డేట్ సందేశమో, స్క్రీన్ సేవరో ప్రత్యక్షమవుతుంది.

ముందు కర్నెల్, తర్వాతే యాప్

తెర మీద బొమ్మ రావడానికి రెండు పొరలు కుదరాలి. కింది పొర కర్నెల్ డ్రైవరు: ప్యానెల్‌కు ఏ క్లాకుతో, ఏ టైమింగ్‌తో, ఏ రంగుల వరసలో డేటా పంపాలో దానికి తెలుసు. పై పొర యాప్ బ్యాకెండ్: గీసిన బొమ్మను కర్నెల్‌కు అందించేది. కింది పొర తప్పుగా ఉంటే క్యూటీలో ఎన్ని వేరియబుళ్లు మార్చినా ఫలితం ఉండదు. అందుకే యాప్‌ను పక్కన పెట్టి ముందు మోడ్‌టెస్ట్ నడపండి. ఇది లిబ్‌డీఆర్ఎం ప్యాకేజీతో వస్తుంది. చిన్న సి ఆప్షన్ ఇస్తే కనెక్టర్ల జాబితా చూపిస్తుంది. ఎస్ ఆప్షన్‌కు కనెక్టర్ నంబరు, కోలన్, మోడ్ ఇస్తే తెర మీద రంగుల పట్టీలు వస్తాయి.

ఆ పట్టీలను జాగ్రత్తగా చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఎరుపు, నీలం తారుమారైతే రంగుల వరస తప్పు. బొమ్మ మొత్తం పక్కకు జరిగి అంచు రెండో వైపు తేలితే బ్యాక్ పోర్చ్ (గీతలో పిక్సెళ్లు మొదలయ్యే ముందు ఉండే ఖాళీ సమయం) విలువ తప్పు. అక్షరాల అంచుల్లో చుక్కలు మిలమిల మెరుస్తుంటే పిక్సెల్ క్లాక్ అంచు తలకిందులైంది. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కర్నెల్‌కు వివరించే ఫైలు) పిక్సెల్‌క్లాక్-యాక్టివ్ విలువను 0 నుంచి 1కి గానీ, 1 నుంచి 0కి గానీ మార్చి చూడండి. ఎల్‌వీడీఎస్ (జంట తీగల మీద డేటా పంపే రకం) ప్యానెల్‌లో తెలుపు, నలుపు బాగానే ఉండి మధ్య రంగులు మెట్లుమెట్లుగా విరిగితే జైడా, వెసా బిట్ వరసల్లో ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టారన్నమాట.

టైమింగ్ లెక్క ఒకసారి చేతితో వేసి చూడటం మంచిది. మార్కెట్లో విరివిగా దొరికే 7 అంగుళాల 800×480 ప్యానెళ్లలో ఒక రకానికి అడ్డంగా ఫ్రంట్ పోర్చ్ (గీత చివరి ఖాళీ) 210, సింక్ పల్స్‌తో (కొత్త గీత మొదలని చెప్పే సంకేతం) కలిపి బ్యాక్ పోర్చ్ 46. నిలువుగా 22, 23. అంటే అడ్డం మొత్తం 1056, నిలువు మొత్తం 525. 1056 × 525 × 60 చేస్తే 3,32,64,000, అంటే సుమారు 33.3 మెగాహెర్ట్జ్. డివైస్ ట్రీలో మీరు రాసిన క్లాకు ఈ గుణకారానికి దగ్గరగా లేకపోతే డేటాషీట్ నుంచి ఏదో ఒక అంకె తప్పుగా ఎత్తిరాశారు. ఎక్కువగా జరిగే పొరపాటు, డేటాషీట్ బ్యాక్ పోర్చ్‌లో సింక్ పల్స్‌ను కలిపి ఇస్తే డివైస్ ట్రీలో దాన్ని మళ్లీ విడిగా కలపడం.

ఎస్‌పీఐ తెరలు: ముందు తీగ వేగం లెక్కేయండి

2.4, 2.8, 3.5 అంగుళాల చవక తెరలు ఎక్కువగా ఎస్‌పీఐవే. వీటి విషయంలో డ్రైవరు కంటే ముందు చూడవలసింది గుణకారం. ఐఎల్ఐ9341 చిప్ ఉన్న 320×240 తెరలో పిక్సెల్‌కు 16 బిట్లు: మొత్తం 12,28,800 బిట్లు. 40 మెగాహెర్ట్జ్ మీద ఒక పూర్తి ఫ్రేము పంపడానికి సుమారు 31 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 32 ఫ్రేములు. నిజానికి ఆ చిప్ డేటాషీట్ సీరియల్ రాతకు కనీసం 100 నానోసెకన్ల సైకిల్ చెబుతుంది, అంటే 10 మెగాహెర్ట్జే. 32, 40 మీద చాలా మాడ్యూళ్లు నడుస్తాయి. కానీ 20 సెంటీమీటర్ల జంపర్ వైర్లతో నడిపితే తెర మీద చెత్త పిక్సెళ్లు పడతాయి. తీగలు కురచ చేయండి, లేదా 16 మెగాహెర్ట్జ్‌కు దించి మళ్లీ చూడండి.

3.5 అంగుళాల ఐఎల్ఐ9488 తెర కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ చిప్ ఎస్‌పీఐ మీద 16 బిట్ల రంగు తీసుకోదు. పిక్సెల్‌కు 3 బైట్లు పంపాల్సిందే. 320 × 480 × 24 అంటే 36,86,400 బిట్లు. 40 మెగాహెర్ట్జ్ మీద 92 మిల్లీసెకన్లు. సెకనుకు 11 ఫ్రేములు కూడా రావు. అంకెలు, గ్రాఫులు చూపడానికి పరవాలేదు. జాబితాను వేలితో జరిపితే మాత్రం తెర వెనకబడుతుంది, ఏ డ్రైవరూ దాన్ని సరిచేయలేదు.

కర్నెల్‌లో ఈ తెరలకు రెండు దారులున్నాయి. పాతది ఎఫ్‌బీటీఎఫ్‌టీ. ఇది 2015లో స్టేజింగ్ డైరెక్టరీలోకి (ఇంకా పూర్తిగా ఆమోదం పొందని డ్రైవర్ల చోటు) వచ్చింది. ఫ్రేమ్‌బఫర్ పద్ధతి డ్రైవర్లను కొత్తగా చేర్చడం మానేశారు కాబట్టి ఇది అక్కడి నుంచి ముందుకు కదిలేది కాదు. కొత్తది డీఆర్ఎం (కర్నెల్‌లో తెరలను, జీపీయూలను చూసుకునే విభాగం, కేఎంఎస్ ఇందులోదే) కింద ఉన్న చిన్న తెరల డ్రైవర్లు, 2017లో 4.12 కర్నెల్‌తో మొదలయ్యాయి. మీ తెరకు సొంత డ్రైవరు లేకపోయినా ప్యానెల్-మిపి-డీబీఐ అనే సాధారణ డ్రైవరు ఉంది. తయారీదారు ఇచ్చిన ఇనిషియలైజేషన్ కమాండ్లను చిన్న ఫర్మ్‌వేర్ ఫైలుగా చేసి ఇస్తే సరిపోతుంది, సి కోడు రాయక్కర్లేదు. కొత్త ఉత్పత్తికి రెండోదే ఎంచుకోండి. ఎఫ్‌బీటీఎఫ్‌టీ మీద నడుస్తున్న పాత పరికరం బాగా పనిచేస్తుంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు.

40 మెగాహెర్ట్జ్ పెట్టినా కదలిక 20 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుందని చాలామంది తల పట్టుకుంటారు. ఫ్రేమ్‌బఫర్ ఫైలులో యాప్ రాసిన మార్పులను కర్నెల్ వెంటనే పంపదు. కొంతసేపు పోగుచేసి ఒక్కసారి పంపుతుంది. ఆ గడువు మామూలుగా సెకనులో 20వ వంతు. ఎఫ్‌బీటీఎఫ్‌టీలో ఎఫ్‌పీఎస్ పారామీటరుతో దాన్ని మార్చవచ్చు. డీఆర్ఎం డ్రైవరు ఇచ్చే ఫ్రేమ్‌బఫర్ ఫైలులో అది స్థిరం. అక్కడ వేగం కావాలంటే యాప్ నేరుగా డీఆర్ఎం ద్వారా రాయాలి. ఎల్‌వీజీఎల్‌కు ఆ బ్యాకెండ్ ఉంది.

తెర తెల్లగా వెలిగి అలాగే ఉండిపోతే బ్యాక్‌లైట్ వచ్చింది, కమాండ్లు చేరలేదు అని అర్థం. రీసెట్ పిన్, డేటా-కమాండ్ పిన్ అటూ ఇటూ మారాయేమో ముందు చూడండి. ఎరుపు, నీలం మారితే 0ఎక్స్36 రిజిస్టరులో 3వ బిట్టు చూడండి.

లైనక్స్‌ఎఫ్‌బీ: జీపీయూ లేనిచోట

ఐ.ఎంఎక్స్6యూఎల్ఎల్, ఎస్‌టీఎం32ఎంపీ135 వంటి చిప్‌లలో 3డీ జీపీయూ లేదు. అక్కడ గీయడమంతా సీపీయూ పనే. క్యూటీ_క్యూపీఏ_ప్లాట్‌ఫామ్‌కు లైనక్స్‌ఎఫ్‌బీ విలువ ఇస్తే చాలు, యాప్ తెరుచుకుంటుంది. రెండో తెర మీద కావాలంటే లైనక్స్‌ఎఫ్‌బీ తర్వాత కోలన్ పెట్టి ఎఫ్‌బీ=/డెవ్/ఎఫ్‌బీ1 అని చేర్చండి. క్యూఎంఎల్ (క్యూటీ తెరలను వర్ణించే భాష) యాప్ అయితే క్యూటీ_క్విక్_బ్యాకెండ్=సాఫ్ట్‌వేర్ కూడా పెట్టాలి. అప్పుడు షేడర్ ఎఫెక్టులు, పార్టికిల్స్ కనిపించవు. డిజైనర్ గీసిన నీడలు, మసకలు తెర మీద లేకపోతే అది లోపం కాదు. ఆ విషయం డిజైన్ మొదలుకాకముందే వాళ్లకు చెప్పండి.

దీని అసలు బలహీనత బొమ్మ చిరగడం. యాప్ రాస్తున్నప్పుడే తెర చదువుతుంది కాబట్టి పేజీ జరిగేటప్పుడు మధ్యలో అడ్డగీత పడినట్టు కనిపిస్తుంది. దీనికి మందు చాలామందికి తెలియదు: క్యూటీ_క్యూపీఏ_ఎఫ్‌బీ_డీఆర్ఎం=1. దీనితో అదే ప్లగిన్ పాత ఫ్రేమ్‌బఫర్ ఫైలును వదిలి డీఆర్ఎం బఫర్లు రెండు తీసుకుని, తెర రిఫ్రెష్ సమయానికి మార్చుతుంది. జీపీయూ అవసరం లేదు. సమాంతర ఆర్‌జీబీ, ఎల్‌వీడీఎస్ తెర ఉన్న బోర్డులో ఇది మొదటి రోజే పెట్టండి.

యాప్ మధ్యలో కన్సోల్ కర్సర్ మినుకుతుంటే కర్నెల్ కమాండ్ లైనులో వీటీ.గ్లోబల్_కర్సర్_డిఫాల్ట్=0 చేర్చండి.

కేఎంఎస్ మీద ఈజీఎల్ఎఫ్ఎస్: ఒకే యాప్‌కు మొదటి ఎంపిక

జీపీయూ ఉంటే క్యూటీలో ఈజీఎల్ఎఫ్ఎస్ (జీపీయూతో నిండు తెర గీసే బ్యాకెండ్), దాని కింద ఈజీఎల్ఎఫ్ఎస్_కేఎంఎస్ ఇంటిగ్రేషన్. మధ్యలో ఇంకో ప్రోగ్రాము ఉండదు, విండో మేనేజరు ఉండదు, బూట్ తర్వాత త్వరగా తెరుచుకుంటుంది. ఎస్‌డీఎల్2లో ఇదే పని ఎస్‌డీఎల్_వీడియోడ్రైవర్=కేఎంఎస్‌డీఆర్ఎం చేస్తుంది. ఫ్లట్టర్ యాప్‌కు ఫ్లట్టర్-పై, స్లింట్‌కు లైనక్స్‌కేఎంఎస్ బ్యాకెండ్ ఉన్నాయి. జీటీకే4కు మాత్రం ఈ దారి లేదు, దానికి వేలాండ్ గానీ ఎక్స్‌11 గానీ ఉండాల్సిందే.

ఇబ్బందులు ఎక్కువగా మొదటిసారి తెరిచేటప్పుడే వస్తాయి. రాస్‌ప్‌బెర్రీ పై 4లో డీఆర్ఎం కార్డులు రెండు కనిపిస్తాయి. ఒకటి గీసేది, పేరు వీ3డీ. ఇంకొకటి తెరకు పంపేది, పేరు వీసీ4. క్యూటీ మొదటిదాన్ని పట్టుకుంటే దానికి కనెక్టర్లే ఉండవు, యాప్ తెర లేదని ఆగిపోతుంది. కార్డు 0, కార్డు 1 నంబర్లు బూట్ బూట్‌కూ మారవచ్చు. అందుకే /డెవ్/డీఆర్ఐ/బై-పాత్ కింద ఉన్న స్థిరమైన లింకు వాడండి. దాన్ని ఒక జేసన్ ఫైలులో డివైస్ కింద రాసి, ఆ ఫైలు చోటును క్యూటీ_క్యూపీఏ_ఈజీఎల్ఎఫ్ఎస్_కేఎంఎస్_కాన్ఫిగ్‌లో ఇవ్వాలి. అదే ఫైలులో అవుట్‌పుట్స్ కింద తెర పేరు, మోడ్ రాస్తారు. వాడని హెచ్‌డీఎంఐకి మోడ్ దగ్గర ఆఫ్ అని రాయండి.

పేర్ల దగ్గర చిన్న మెలిక ఉంది. కర్నెల్, వెస్టన్ (దీని గురించి వేలాండ్ భాగంలో) ఒక కనెక్టర్‌ను హెచ్‌డీఎంఐ-ఎ-1 అని, ఇంకొకదాన్ని డీఎస్ఐ-1 అని పిలుస్తాయి. క్యూటీ వాటినే హెచ్‌డీఎంఐ1, డీఎస్ఐ1 అంటుంది, అడ్డగీతలు ఉండవు. జేసన్‌లో కర్నెల్ పేరు రాస్తే క్యూటీ ఏ ఫిర్యాదూ చేయదు, మీ సెట్టింగును పట్టించుకోదు అంతే. ఫైలు చదువుతున్నా మోడ్ మారడం లేదంటే ముందు ఇదే చూడండి.

అనుమతి లేదంటూ ఆగిపోతే కారణాలు రెండే. యూజరు వీడియో, రెండర్, ఇన్‌పుట్ గ్రూపుల్లో లేకపోవడం ఒకటి. తెర హక్కు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉండటం రెండోది. డీఆర్ఎం మాస్టర్ ఒక్కరే ఉండగలరు. డెస్క్‌టాప్ నడుస్తున్నా, బూట్ బొమ్మ చూపే ప్లిమత్ ఇంకా వదలకపోయినా మీ యాప్‌కు హక్కు రాదు. యాప్ సర్వీసును ప్లిమత్ క్విట్ సర్వీసు తర్వాత మొదలయ్యేలా పెట్టండి.

యాప్ తెరుచుకుంది, కానీ కదలిక నత్తనడక. అప్పుడు క్యూఎస్‌జీ_ఇన్ఫో=1 పెట్టి నడిపి, రెండరర్ పేరు చదవండి. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే జీపీయూ పనిచేయడం లేదు, సీపీయూయే అంతా గీస్తోంది. రెండర్ నోడు అనుమతి, మీసా (జీపీయూ డ్రైవర్ల సంకలనం) ప్యాకేజీలో మీ జీపీయూ డ్రైవరు రెండూ చూడండి. బిల్డ్‌రూట్, యోక్టో పనిముట్లతో సొంతంగా కట్టిన ఇమేజ్‌లలో ఎక్కువసార్లు రెండోదే తప్పిపోతుంది.

అక్షరాలు మరీ చిన్నవిగానో పెద్దవిగానో వస్తే ప్యానెల్ భౌతిక కొలత తెలియక క్యూటీ 100 డీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) అనుకుంటోంది. పైన చెప్పిన 7 అంగుళాల ప్యానెల్ వెడల్పు 154 మిల్లీమీటర్లు, ఎత్తు 86. నిజమైన సాంద్రత 132 డీపీఐ. ఆ రెండు అంకెలు క్యూటీ_క్యూపీఏ_ఈజీఎల్ఎఫ్ఎస్_ఫిజికల్_విడ్త్, అలాగే హైట్ వేరియబుళ్లలో ఇవ్వండి.

మెమరీ లెక్క కూడా వేసుకోండి. 800×480 తెరకు ఒక బఫరు 15,36,000 బైట్లే. 1920×1080 అయితే 82,94,400 బైట్లు, మూడు బఫర్లకు 25 మెగాబైట్లు. ఐఓఎంఎంయూ (చెదిరిన మెమరీ ముక్కలను పరికరానికి ఒకటిగా చూపేది) లేని చిప్‌లలో ప్రతి బఫరూ సీఎంఏ (అందుకోసం కర్నెల్ పక్కన ఉంచే మెమరీ) నుంచి ఒకే ముక్కగా దొరకాలి. పరికరం గంటలకొద్దీ బాగా నడిచి, వీడియో తెరవగానే బఫరు దొరకలేదని పడిపోతే కర్నెల్ కమాండ్ లైనులో సీఎంఏ పరిమాణం పెంచండి.

దీని హద్దు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోవాలి: ఒక తెరకు ఒకే ఓపెన్‌జీఎల్ (జీపీయూతో గీసే) విండో. రెండో విండో తెరిస్తే ఓపెన్‌జీఎల్ విండోలు వేరేవాటితో కలవవని చెప్పి యాప్ కూలిపోతుంది. డైలాగులు, కీబోర్డు అన్నీ ఒకే విండో లోపల క్యూఎంఎల్ భాగాలుగా ఉండాలి.

వేలాండ్: తెరను పంచుకోవాల్సి వస్తే

మీ యాప్ పక్కన క్రోమియం కూడా తెరవాలి, లేదా వీడియో వేరే ప్రాసెస్ నుంచి రావాలి, లేదా ఒకటి కూలినా ఇంకొకటి తెర మీద నిలబడాలి. అప్పుడు వాటన్నిటినీ తెర మీద కలిపి చూపే కంపోజిటర్ కావాలి. అలాంటిదే వెస్టన్. వెస్టన్ 9 (2020) నుంచి కియోస్క్-షెల్ ఉంది: ప్రతి యాప్ నిండు తెరగా తెరుచుకుంటుంది, పట్టీలు, బటన్లు ఉండవు. వెస్టన్.ఐఎన్ఐ కోర్ భాగంలో షెల్=కియోస్క్-షెల్.ఎస్ఓ, ఐడిల్-టైమ్=0 రాయండి. రెండోది మరిచిపోతే 300 సెకన్లకు తెర నల్లబడుతుంది. టేబుల్ మీద పరీక్షించేటప్పుడు ఎవరో ఒకరు తాకుతూనే ఉంటారు కాబట్టి ఇది కనబడదు. పరికరం గోడ మీద బిగించాక ఫోన్లు మొదలవుతాయి. ఒకటే యాప్ అయినా కంపోజిటర్ తప్పదంటే, ఒక్క యాప్‌నే నిండు తెరగా చూపే కేజ్ ఇంకా తేలిక.

సర్వీసుగా నడిపితే ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్ లేదని ఆగిపోవడం మామూలు. ఆ ఫోల్డర్ ఆ యూజరుదే అయి, అనుమతులు 0700 ఉండాలి.

ఎక్స్‌11 గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పాత జీటీకే2 యాపో, జావా యాపో మార్చలేని స్థితిలో మోడ్‌సెట్టింగ్ డ్రైవరుతో నడపండి. కొత్త పని దాని మీద మొదలుపెట్టొద్దు.

తెర తిప్పితే టచ్ కూడా తిరగాలి

ప్యానెల్‌ను నిలువుగా బిగిస్తారని ఆఖరి వారంలో తెలుస్తుంది. ఈ ఒక్క అవసరం ఎంపికనే మార్చగలదు. క్యూటీ_క్యూపీఏ_ఈజీఎల్ఎఫ్ఎస్_రొటేషన్ క్యూవిడ్జెట్ (క్యూటీలో క్యూఎంఎల్ కంటే పాత పద్ధతి) యాప్‌లకే పనిచేస్తుంది. క్యూఎంఎల్ తెర తిరగదు. అక్కడ మీ మూల ఐటెమ్‌కే రొటేషన్ ఇచ్చి, వెడల్పు ఎత్తులు మార్చాలి. యాప్ సోర్సు మీ చేతిలో లేకపోతే వెస్టన్‌కు మారి, అవుట్‌పుట్ భాగంలో ట్రాన్స్‌ఫామ్=రొటేట్-90 రాయడమే తేలిక. ఆ తెరకు జతచేసిన టచ్ కూడా దానితోపాటే తిరుగుతుంది.

లిబ్‌ఇన్‌పుట్ (టచ్, మౌస్ వంటివాటిని చదివే లైబ్రరీ) వాడే చోట టచ్‌ను విడిగా తిప్పాలంటే యూడెవ్ (పరికరాల సెట్టింగులు చూసుకునే సర్వీసు) నియమంలో లిబ్‌ఇన్‌పుట్_క్యాలిబ్రేషన్_మ్యాట్రిక్స్ వేరియబుల్ ఇవ్వండి. గడియారం దిశలో 90 డిగ్రీలకు 0 -1 1 1 0 0. 180కి -1 0 1 0 -1 1. 270కి 0 1 0 -1 0 1. టచ్‌ను వెస్టన్‌లోనూ, యూడెవ్ నియమంలోనూ తిప్పితే రెట్టింపు తిరిగి, ఒక మూల నొక్కితే ఇంకో మూల పడుతుంది. ఒకచోటే తిప్పండి.

తెలుగులో అక్షరాలు చూపాలంటే

ఇది చివరికి వదిలేసి ఇబ్బంది పడేవారు ఎక్కువ. తెలుగు అక్షరం కోడు పాయింట్ల (అక్షర సంకేతాల) వరస మాత్రమే కాదు, గుణింతాలూ ఒత్తులూ కలిసి కొత్త ఆకారం అవుతాయి. ఆ కలపడం షేపింగ్ ఇంజన్ చేయాలి. క్యూటీలో హార్ఫ్‌బజ్ ఆ పని చేస్తుంది. ఇమేజ్ చిన్నదవుతుందని క్యూటీని హార్ఫ్‌బజ్ లేకుండా బిల్డ్ చేస్తే అదీ పోతుంది. ఎల్‌వీజీఎల్ మామూలుగా గ్లిఫ్‌లను ఒకదాని పక్కన ఒకటి పేర్చుతుంది. ఫాంట్లు గీసే ఫ్రీటైప్ జోడించినా ఆకారాలు స్పష్టంగా వస్తాయే తప్ప ఒత్తులు కలవవు. అక్కడ తెలుగు తప్పదంటే స్థిరమైన లేబుళ్లను ముందే బొమ్మలుగా మార్చి పెట్టుకోవాలి, అంకెలు మాత్రం ఫాంటుతో గీయాలి. మారే తెలుగు వాక్యాలు ఉంటే క్యూటీ వైపు రండి.

ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ లేని చిన్న ఇమేజ్‌లో క్యూటీ ఏ ఫాంటునూ తనతో తేదు. నోటో సాన్స్ తెలుగు ఫైలును ఒక ఫోల్డర్‌లో ఉంచి, ఆ చోటు క్యూటీ_క్యూపీఏ_ఫాంట్‌డిర్‌లో ఇవ్వండి. పరీక్షకు "ఉష్ణోగ్రత" అనే మాట పెట్టండి. ష కింద ణ ఒత్తు, ఓ గుణింతం, గ కింద క్రావడి మూడూ ఇందులోనే ఉన్నాయి. మాట మధ్యలో పొల్లు గుర్తుతో "ష్" విడిగా నిలబడితే షేపింగ్ లేదు. ఖాళీ డబ్బాలు వస్తే ఫాంటు దొరకలేదు. ఒత్తు కింది భాగం తెగిపోతే డ్రైవరుదీ ఫాంటుదీ తప్పు కాదు. లేబుల్ ఎత్తును ఇంగ్లిషు అక్షరాల కొలతతో బిగించేశారు, దాన్ని పెంచండి.